ముందు టైర్లు ముందే అరిగిపోతుంటే: హెవీ డ్యూటీ పికప్‌లలో అసలు కారణాలు

ఫోర్డ్ సూపర్ డ్యూటీ, రామ్ 2500, 3500, షెవ్రొలే సిల్వరాడో హెచ్‌డీ లాంటి డీజిల్ పికప్‌లు నడిపేవాళ్లకి బాగా తెలిసిన బాధ ఒకటుంది. వెనక టైర్లలో ఇంకా సగం ట్రెడ్ (నేలకి తగిలే గాడుల రబ్బరు) మిగిలి ఉండగానే ముందు టైర్ల అంచులు నున్నగా అయిపోతాయి. చాలామంది టైరు కంపెనీని తిట్టుకుని బ్రాండు మారుస్తారు. కొత్తవి కూడా అదే తీరులో పోతాయి. పాత టైరును పారేసేముందు అది ఎక్కడ, ఎలా అరిగిందో కాసేపు చూడాలి. జబ్బు ఏమిటో చాలావరకు అక్కడే తెలుస్తుంది.

ముందుగా బరువు సంగతి. 6.7 లీటర్ల కమిన్స్ డీజిల్ ఇంజిన్ ఒక్కటే దాదాపు అర టన్ను తూగుతుంది. నాలుగు తలుపుల ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్ బండిలో వెనక ఏ సరుకూ లేకపోయినా ముందు ఇరుసు మీద సుమారు రెండు టన్నులు పడుతుంది. అంటే ఒక్కో ముందు టైరు రోజూ టన్ను బరువు మోస్తూనే బండిని తిప్పాలి, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ భారం తానే తీసుకోవాలి. అయితే మోయలేక అరుగుతోందనుకుంటే పొరపాటు. ఈ బళ్లకి వేసే ఎల్‌టీ275/70ఆర్18 లోడ్ రేంజ్ ఇ (భారీ బరువులకి చేసిన) టైరు 80 పీఎస్‌ఐ గాలితో 1,650 కిలోలు మోయగలదు. రబ్బరును అరగదీసేది నిలువు బరువు కన్నా పక్కకి ఈడ్చే బలం. ముందు టైరు జీవితం పెంచాలంటే ఆ పక్క ఈడ్పు ఎక్కణ్నుంచి వస్తోందో పట్టుకోవాలి. బరువు ఆ ఈడ్పును ఇంకా ఖరీదైనదిగా చేస్తుందంతే.

చేత్తో తడిమి తెలుసుకోవడం

అరచేతిని ట్రెడ్ మీద అడ్డంగా, లోపలి అంచు నుంచి బయటి అంచుకి రాయండి. తర్వాత బయటి నుంచి లోపలికి రాయండి. ఒకవైపు నున్నగా జారి, రెండోవైపు గట్ల అంచులు రంపం పళ్లలా చేతికి తగులుతుంటే టో (పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే తీరు) తప్పిందని అర్థం. లోపలి నుంచి బయటికి రాసినప్పుడు తగిలితే టో-ఇన్ ఎక్కువైంది, చక్రాల ముందు భాగాలు ఒకదాని వైపు ఒకటి మరీ వంగి ఉన్నాయి. బయటి నుంచి లోపలికి రాసినప్పుడు తగిలితే టో-అవుట్. ఉక్కు తీగలు బయటపడిన టైరు మీద మాత్రం చెయ్యి పెట్టకండి.

రంపం పళ్లు లేకుండా ఒక్క అంచే నున్నగా, ఏటవాలుగా అరిగితే క్యాంబర్‌ని (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడాన్ని) అనుమానించాలి. రెండు అంచులూ అరిగి మధ్య భాగం నిలబడి ఉంటే గాలి తక్కువై ఉండొచ్చు, లేదా మలుపుల్లో వేగం ఎక్కువై ఉండొచ్చు. మధ్య మాత్రమే అరిగితే ఆ బరువుకి గాలి ఎక్కువ. టైరు చుట్టూ అక్కడక్కడా గుంటలు పడితే షాక్ అబ్జార్బర్లు అయిపోయాయి, లేదా బ్యాలెన్స్ లేదు, లేదా ఏదో జాయింటు ఆడుతోంది. ఆల్ టెరెయిన్ టైర్లలో ఇంకో రకం కనిపిస్తుంది. అంచు బ్లాకుల ఒక కొన ఎత్తుగా, ఇంకో కొన పల్లంగా అరిగి, బండి నడుస్తుంటే హోరు వస్తుంది. ఇంజిన్ బలం అందకుండా ఊరికే దొర్లే ముందు చక్రాల్లో పెద్ద బ్లాకుల ట్రెడ్‌కి ఇది సహజం. వేళకి టైర్లని ఒక చోటు నుంచి ఇంకో చోటుకి మార్చి వేసుకోవడమే (రొటేషన్) దానికి దారి.

టో: అన్నిటికన్నా పెద్ద దొంగ

అలైన్‌మెంట్‌లో ఉన్న కొలతలన్నిటిలోనూ టైరును వేగంగా తినేది టో. అది ఎంత తింటుందో లెక్క కట్టి చూడొచ్చు. 33 అంగుళాల టైరు వ్యాసం సుమారు 838 మి.మీ. రెండు చక్రాలకీ కలిపి టో 3 మి.మీ. తప్పిందనుకుందాం. ఒక్కో చక్రం వాటాకి 1.5 మి.మీ. వస్తుంది. అంటే చక్రం ప్రతి కిలోమీటరుకీ దాదాపు 1.8 మీటర్లు పక్కకి వెళ్లాలని చూస్తుంది, బండి దాన్ని తిన్నగా లాక్కెళ్తుంది. 10,000 కిలోమీటర్లు తిరిగేసరికి ఆ పక్క ఈడ్పు 18 కిలోమీటర్లకి చేరుతుంది. టైరు కొంత సాగి సర్దుకుంటుంది కాబట్టి అదంతా నేరుగా జారుడు కాదు. కానీ పైన టన్ను బరువు ఉన్నప్పుడు అందులో చిన్న వాటా చాలు రబ్బరు లేచిపోవడానికి. 3 మి.మీ. అంటే స్టీరింగ్ పట్టుకున్నవాడికి ఏమాత్రం తెలియని తేడా. బండి పక్కకి లాగదు, వణకదు.

అందుకే అలైన్‌మెంట్ చేయించాక కాగితం మీద ఆకుపచ్చ రంగు కనబడగానే తృప్తిపడొద్దు. కంపెనీలు ఇచ్చే హద్దులు విశాలంగా ఉంటాయి. హద్దు చివర ఉన్నా యంత్రం ఆకుపచ్చే చూపిస్తుంది. టోను హద్దుల మధ్యలో ఉన్న అసలు విలువకి తెమ్మని అడగాలి. ఇలాంటి బళ్లకి అది చాలావరకు సున్నాకి, 0.2 డిగ్రీల టో-ఇన్‌కి మధ్య ఉంటుంది. మీ మోడల్‌ది సర్వీస్ పుస్తకంలో చూసుకోవాలి. 33 అంగుళాల టైరుకి మొత్తం టోలో 0.1 డిగ్రీ అంటే దాదాపు 1.5 మి.మీ. సున్నా పెట్టకుండా కాస్త టో-ఇన్ ఎందుకంటే, బండి ముందుకి పోతున్నప్పుడు రోడ్డు చక్రాలని వెనక్కి తోస్తుంది. లింకులు, బుష్‌లు ఆ బలానికి కొద్దిగా ఒదిగి చక్రాలు టో-అవుట్ వైపు తెరుచుకుంటాయి. నిలిపి ఉంచినప్పటి ఆ కాస్త టో-ఇన్, నడిచేటప్పుడు సున్నాకి దగ్గరవుతుంది. సరిచేయకముందు, చేశాక ఉన్న రెండు కొలతలూ ఉన్న కాగితం తీసుకోండి. ముందున్న కొలత లేకపోతే పాత టైరు ఎందుకు పోయిందో ఎప్పటికీ తేలదు.

ఇరుసు రకాన్ని బట్టి సరిచేసే పద్ధతి మారుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ సూపర్ డ్యూటీ, రామ్ బళ్లలో ముందు గట్టి ఇరుసు ఉంటుంది. అక్కడ మామూలుగా తిప్పి సరిచేయగలిగేది టో ఒక్కటే. క్యాంబర్ తేడాగా ఉంటే బాల్ జాయింటు (చక్రం తిరగడానికి వీలిచ్చే గుండ్రటి కీలు) అరిగిందా, ఇరుసు వంగిందా అని చూడాలి. రెండూ బాగుంటే ఫోర్డ్‌లో పై బాల్ జాయింటు దగ్గర ఆఫ్‌సెట్ స్లీవ్ మార్చి సరిచేస్తారు. జనరల్ మోటార్స్ హెచ్‌డీ బళ్లలో ముందు చక్రాలు వేటికవే కదులుతాయి, టార్షన్ బార్ల (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీల) మీద నిలబడతాయి. వాటిలో బండి ముందు భాగం ఎత్తు మారితే క్యాంబర్, టో రెండూ మారతాయి. కాబట్టి ముందు ఎత్తు కొలిచి సరిచేశాకే అలైన్‌మెంట్ మొదలుపెట్టాలి. ఈ మెట్టు దాటేసే షాపులు తక్కువేమీ లేవు, అడగడం మన పని.

గట్టి ఇరుసు బండి టోను ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. చదునైన నేల కావాలి. ముందు భాగం జాకీతో లేపి స్టాండ్ల మీద దింపండి. టైరు తిప్పుతూ మధ్య గట్టు మీద చుట్టూ సన్నగా రంగు కొట్టి, ఒక మేకును కదలకుండా ఆనించి పట్టి, టైరును పూర్తిగా ఒక చుట్టు తిప్పి గీత గీయండి. రెండో టైరుకీ అంతే. బండిని కిందికి దించి, స్టీరింగ్ తిన్నగా పెట్టి, రెండు మూడు మీటర్లు ముందుకి దొర్లించి ఆపండి. వెనక్కి దొర్లించకూడదు, లింకుల్లోని సందు తిరగబడి కొలత తప్పుతుంది. ఇప్పుడు ఇరుసు ఎత్తులో టైర్ల ముందువైపు గీత నుంచి గీతకి, తర్వాత వెనకవైపు గీత నుంచి గీతకి కొలవండి. ఇంజిన్ అడ్డొచ్చే చోట గీత నుంచి తూకపు గుండు వేలాడదీసి నేల మీద గుర్తు పెట్టుకుని కొలవొచ్చు, కానీ ముందూ వెనకా ఒకే ఎత్తు నుంచి దించాలి. వెనక కొలతలోంచి ముందు కొలత తీసేస్తే వచ్చేదే టో-ఇన్. సరిచేయాలంటే టై రాడ్ (రెండు ముందు చక్రాలని కలిపే కడ్డీ) స్లీవ్ మీది రెండు క్లాంపుల బోల్టులు వదులు చేసి స్లీవ్ తిప్పాలి. టై రాడ్ ఇరుసుకి వెనక ఉంటే దాన్ని పొడుగు చేసినకొద్దీ టో-ఇన్ పెరుగుతుంది, ముందు ఉంటే టో-అవుట్ పెరుగుతుంది. టో కుదిరాక స్టీరింగ్ చక్రం వంకరగా నిలబడితే దాన్ని డ్రాగ్ లింకు (స్టీరింగ్ గేర్ బాక్సు నుంచి చక్రాల వైపు వచ్చే కడ్డీ) దగ్గర సరిచేయాలి, టై రాడ్‌ని మళ్లీ ముట్టుకోకూడదు.

జాయింట్లు లూజుగా ఉంటే అలైన్‌మెంట్ వృథా

జాయింట్లు ఆడుతున్న బండికి అలైన్‌మెంట్ చేయిస్తే, యంత్రం మీద ఉన్నంతసేపే ఆ కొలత నిలుస్తుంది. రోడ్డెక్కాక చక్రం తనకి తోచిన వైపు తిరుగుతుంది. అందుకే లూజు చూడటం మొదటి పని. బండి నాలుగు చక్రాల మీద నిలబడి ఉండగా ఇంజిన్ స్టార్ట్ చేసి, స్టీరింగ్‌ని ఒకరు అటూ ఇటూ కొంచెం కొంచెం ఆపకుండా కదపాలి. ఇంకొకరు కింద, చక్రాల దారిలో లేకుండా పక్కన ఉండి ఒక్కో జాయింటు మీద వేలు పెట్టి చూడాలి: టై రాడ్ ఎండ్లు, డ్రాగ్ లింకు రెండు కొసలు, ట్రాక్ బార్ రెండు వైపులా బుష్, బాల్, స్టీరింగ్ గేర్ బాక్సు ఫ్రేముకి బిగించిన చోటు. రెండు భాగాలు కలిసి కదలాలి. ఒకటి కదిలాక రెండోది ఆలస్యంగా అందుకుంటే అక్కడ సందు ఉన్నట్టే. గట్టి ఇరుసు బళ్లలో చాలామంది టై రాడ్‌నే చూసి ట్రాక్ బార్‌ని వదిలేస్తారు. ఇరుసు పక్కకి జరగకుండా పట్టుకునేది అదే. దాని బుష్ పోతే మొత్తం ఇరుసే కదులుతుంది.

బాల్ జాయింట్లని వేరుగా చూడాలి. గట్టి ఇరుసు బండికి ఇరుసు కింద, టార్షన్ బార్ బండికి కింది కంట్రోల్ ఆర్మ్ కింద జాకీ పెట్టి చక్రం నేలకి కాస్త లేపండి. జాకీ తప్పు చోట పెడితే జాయింటు మీద బరువు అలాగే ఉండి లూజు బయటపడదు. టైరు కింద పొడవాటి గునపం పెట్టి పైకి ఎత్తుతూ నకుల్ (చక్రం బిగించి ఉండే, స్టీరింగ్‌తో తిరిగే భాగం) దగ్గర కదలిక చూడాలి. తర్వాత టైరును పైనా కిందా పట్టుకుని ఊపాలి, ఆపైన రెండు పక్కలా పట్టుకుని ఊపాలి. పైనా కిందా ఊపినప్పుడు కదిలితే బాల్ జాయింటో, హబ్ బేరింగో. పక్కలకి మాత్రమే కదిలితే స్టీరింగ్ లింకు.

గాలి: మీ బండి బరువుకి తగ్గది

అందరూ 80 కొట్టేస్తారు, లేదా కారుకి కొట్టినట్టు ఏదో ఒక అంకె కొట్టేస్తారు. రెండూ తప్పే. టైరు పక్క మీద రాసి ఉండే 80 పీఎస్‌ఐ ఆ టైరు పూర్తి బరువు మోయడానికి కావాల్సిన గాలి, మీ బండికి కావాల్సింది కాదు. కంపెనీ సైజు టైర్లే ఉంటే డ్రైవర్ తలుపు పక్కనున్న స్టిక్కర్‌లోని ముందు అంకె కన్నా ఎప్పుడూ తగ్గొద్దు. వెనక అంకె వేరుగా ఉంటే దాన్ని వేరుగానే పాటించాలి. టైరు సైజు మార్చినవాళ్లు ముందు ఇరుసును ఒక్కదాన్నే తూకం వేయించాలి. రోజూ ఉండే మనుషులు, డీజిల్, ముందు తగిలించిన విన్చ్, మంచు తోసే బ్లేడు అన్నీ ఉంచే తూయాలి. వచ్చిన బరువును రెండుగా పంచి, పది శాతం కలిపి, ఆ సైజుకి టైరు కంపెనీ ఇచ్చే లోడ్ పట్టికలో ఎంత గాలి కావాలో చూడాలి.

ట్రెడ్ మీద అడ్డంగా సుద్ద గీత గీసి, తిన్నని రోడ్డు మీద కొంత దూరం నడిపి, గీత ఎక్కడ చెరిగిందో చూసే పద్ధతి ఒకటి ఉంది. లోడ్ రేంజ్ ఇ టైర్ల పక్కలు గట్టిగా ఉండటం వల్ల గాలి తక్కువున్నా గీత సమానంగా చెరిగి మోసం చేయగలదు. కాబట్టి పట్టిక చెప్పినదానికి కిందికి వెళ్లడానికి దాన్ని వాడొద్దు.

చలి సంగతి ఇంకోటి. కార్లకి చెప్పే లెక్క ఈ టైర్లకి సరిపోదు. ఎక్కువ గాలి ఉన్న టైరులో వేడి తగ్గితే ఒత్తిడి కూడా ఎక్కువే పడిపోతుంది. 35 పీఎస్‌ఐ కారు టైరులో 10 డిగ్రీల సెల్సియస్ చల్లబడితే సుమారు 1.7 తగ్గుతుంది. 60 పీఎస్‌ఐ ఉన్న ట్రక్కు టైరులో 2.5 తగ్గుతుంది, 80 ఉంటే 3 దాటుతుంది. వేసవిలో కొట్టిన గాలితో శీతాకాలంలోకి వెళ్తే ముందు టైర్లు పదేసి పీఎస్‌ఐ తక్కువతో అంచుల మీద పరుగెత్తుతాయి. డ్యాష్‌బోర్డు మీద దీపం వెలిగాక చూద్దాంలే అనుకోవద్దు. అమెరికా నిబంధన ప్రకారం ఆ హెచ్చరిక స్టిక్కర్ అంకెకి 25 శాతం తగ్గేసరికి వెలిగితే చాలు. 60 ఉండాల్సిన టైరు 45కి పడిపోయాక అన్నమాట. అప్పటికి అంచులు ఎప్పుడో నష్టపోయి ఉంటాయి. బండి కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాక, 100 పీఎస్‌ఐ దాటి చూపించే గేజితో కొలవాలి. నడిచి వచ్చాక పెరిగి కనిపించే గాలిని తీసేయకూడదు.

ట్రెయిలర్ లాగేవాళ్లు ముందు ఇరుసు తేలికవడాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. బంపర్ హిచ్ మీద 450 కిలోల భారం, అది వెనక ఇరుసుకి 1.3 మీటర్లు వెనక, వీల్‌బేస్ 4 మీటర్లు అనుకుంటే ముందు ఇరుసు నుంచి సుమారు 145 కిలోలు లేచిపోతాయి. ముందు భాగం ఎత్తు పెరిగి, జనరల్ మోటార్స్ తరహా సస్పెన్షన్‌లో టో మారుతుంది. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (ట్రెయిలర్ భారాన్ని ఇరుసులన్నిటికీ పంచే కొక్కెం) ఆ బరువును ముందు ఇరుసు మీదికి తిరిగి తెస్తుంది. కానీ మరీ బిగిస్తే మామూలుకన్నా ఎక్కువ బరువు ముందు టైర్ల మీదికి తోసేస్తుంది. బండి పుస్తకంలో ముందు ఫెండర్ ఎత్తు ఎంతవరకు దిగాలో ఉంటుంది, అంతవరకే.

రొటేషన్ మందు కాదు, పంపకం

టైర్లు మార్చి వేయడం వల్ల అరుగుదల తగ్గదు, నాలుగింటి మధ్య పంచుకుంటుంది. టో తప్పిన బండికి రొటేషన్ చేస్తూ పోతే రెండు టైర్లకి బదులు నాలుగూ పాడవుతాయి. జబ్బు నయం చేశాకే ఇది పనికొస్తుంది, అప్పుడు చాలా పనికొస్తుంది. డీజిల్ పికప్‌కి 8,000 కిలోమీటర్లు, అంటే 5,000 మైళ్లు, దాటనివ్వకపోవడం మంచిది. కొత్త టైర్లకి మొదటిసారి ఇంకా ముందే చేయాలి. ట్రెడ్ లోతుగా ఉన్నప్పుడు బ్లాకులు ఎక్కువ వంగి, అరుగుదల వేగంగా ఉంటుంది.

ఒంటి చక్రాల వెనక ఇరుసున్న బండిలో వెనక టైర్లు అదే పక్కన ముందుకి రావాలి, ముందువి అడ్డం మారి వెనక్కి వెళ్లాలి. ఒకవైపే తిరగాల్సిన బాణం గుర్తు టైర్లయితే అదే పక్కన ముందూ వెనకా మాత్రమే. స్పేర్ కూడా అదే సైజు, అదే రకం టైరు, రిమ్ము అయితే దాన్ని కూడా వరుసలో కలిపితే ఒక సెట్టు నాలుగో వంతు ఎక్కువ దూరం వస్తుంది. వెనక జంట చక్రాలున్న బళ్లకి అల్యూమినియం రిమ్ములుంటే చిక్కొస్తుంది. ముందు రిమ్ముకి మెరుగు ఉబ్బెత్తు వైపు ఉంటుంది, వెనక బయటి రిమ్ముకి లోతు వైపు ఉంటుంది, లోపలిది తరచూ ఉక్కుది. టైరును రిమ్ము నుంచి ఊడదీయకుండా ముందుకీ వెనక్కీ మార్చలేం. ఊడదీయించే ఖర్చు పెట్టలేకపోతే ముందు రెండింటినీ కుడి ఎడమలు మార్చుకోవడమన్నా చేయాలి. జంటగా వేసే రెండు టైర్ల వ్యాసంలో తేడా 6 మి.మీ. మించకూడదు, మించితే పెద్దదాని మీదే ఎక్కువ బరువు పడుతుంది.

నట్లు ఎదురెదురుగా, టార్క్ రెంచితో బిగించాలి. సూపర్ డ్యూటీకి 165 పౌండ్-అడుగులు, జనరల్ మోటార్స్ హెచ్‌డీకి 140. సుమారు 160 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూసుకోవాలి. టైర్లు మార్చాక హోరు వెనక్కి వెళ్తే తప్పు టైరుది. ముందే ఉండిపోతే హబ్ బేరింగుని చూడండి.

ఎత్తు పెంచినవాళ్లకి, వెడల్పు రిమ్ములు వేసినవాళ్లకి

ముందు భాగం రెండు అంగుళాలు లేపే లెవలింగ్ కిట్ వేశాక అలైన్‌మెంట్ చేయించకుండా తిరగడమే కొన్ని బళ్లలో టైర్లు పోవడానికి మొత్తం కారణం. గట్టి ఇరుసులో ఎత్తు పెంచితే క్యాస్టర్ (చక్రం తిరిగే కీలు గీత వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది, ట్రాక్ బార్ ఇరుసును పక్కకి లాగుతుంది. 2003 నుంచి 2008 వరకు వచ్చిన రామ్ హెచ్‌డీ బళ్లలోని వై ఆకారపు లింకులో ఎత్తుతో పాటు టో కూడా మారుతుంది. తర్వాత వచ్చిన టి ఆకారపు లింకు ఈ బాధ తగ్గించింది, పాత బళ్లకి కూడా దాన్ని అమరుస్తారు. టార్షన్ బార్ కీలు తిప్పి లేపిన జనరల్ మోటార్స్ బండి అయితే క్యాంబర్, టో రెండూ తప్పినట్టే లెక్క.

బయటికి పొడుచుకొచ్చే వెడల్పు రిమ్ములు చూడ్డానికి బాగుంటాయి, ముందు టైరుకి మాత్రం శత్రువులు. చక్రం తిరిగే కీలు గీత నుంచి టైరు దూరం జరిగినకొద్దీ స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు ఒక్కచోటే తిరగకుండా నేల మీద వంపు తీస్తూ రాసుకుంటుంది. ప్రతి గుంతా టై రాడ్‌ని, బాల్ జాయింటుని ఎక్కువ బలంతో కొడుతుంది. టైరు ఎంపికలో కూడా ఎక్కువగా హైవేల మీదే తిరిగే బండికి నిండు గట్లున్న హైవే ట్రెడ్ ముందు వైపు ఎక్కువకాలం సమానంగా అరుగుతుంది. మడ్ టైర్లు అన్నిటికన్నా ముందు పోతాయి.

నడిపే తీరు

బండి ఆగి ఉండగా స్టీరింగ్ తిప్పడం మానేస్తే చాలు, కొంత రబ్బరు మిగులుతుంది. చక్రం అడుగు దూరమైనా దొర్లుతుండగా తిప్పాలి. మలుపులో పక్క బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 30కి బదులు 40 కిలోమీటర్ల వేగంతో తిరిగితే దాదాపు 78 శాతం ఎక్కువ. పొడి రోడ్డు మీద ఫోర్ వీల్ డ్రైవ్ వేసుకుని తిరగొద్దు. పార్ట్ టైమ్ పద్ధతిలో ముందూ వెనకా ఇరుసులని కలిపే చోట డిఫరెన్షియల్ (రెండు వైపులా వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) ఉండదు, మలుపులో ముందు, వెనక చక్రాలు తిరిగే దూరాల్లోని తేడా అంతా టైర్లు జారి తీర్చాలి.

ప్రతి రొటేషన్‌కీ లోతు గేజితో బయటి, మధ్య, లోపలి గాడులు మూడింటినీ, టైరు చుట్టూ మూడు చోట్ల కొలిచి కిలోమీటర్లతో పాటు రాసి పెట్టుకోండి. లోపలికి, బయటికి మధ్య తేడా 1.5 మి.మీ. దాటితే తర్వాతి రొటేషన్ వరకు ఆగొద్దు, జాయింట్లు చూసి, అలైన్‌మెంట్ చేయించండి. లోపలి అంచు నిలబడి చూస్తే కనపడదు. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి, టార్చి వేసి వెనక నుంచి చూడాలి. బయట 6 మి.మీ. ట్రెడ్ ఉన్న టైరుకి లోపల తీగలు తేలి ఉండొచ్చు. ఆ టైరుని వెనక్కి మార్చి వాడుకుందామనుకోకుండా అప్పుడే తీసేయాలి.